సింహాసనం ఎక్కకుండానే ఊరిని ఏలిన మెడిచీలు: 15వ శతాబ్దపు ఫ్లోరెన్స్ కథ

1434 నుంచి 1494 దాకా, అంటే సరిగ్గా 60 ఏళ్ళు, ఫ్లోరెన్స్ నగరాన్ని ఒకే ఫ్యామిలీ నడిపింది. కోసిమో, ఆయన కొడుకు పియెరో, మనవడు లోరెన్జో, మునిమనవడు ఇంకో పియెరో. నాలుగు తరాలు. వీళ్ళలో ఎవరూ రాజు కాదు, డ్యూక్ కాదు, పేరు ముందు ఒక్క బిరుదు కూడా లేదు, పైగా ఆ 60 ఏళ్ళూ ఫ్లోరెన్స్ పేరుకు రిపబ్లిక్కే. ఎలక్షన్లు జరిగాయి, కౌన్సిళ్ళు కూర్చున్నాయి, రెండు నెలలకోసారి కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది, చట్టాలన్నీ ఓటింగ్ పెట్టే పాస్ చేశారు. మరి ఇన్ని ఉండి కూడా పెత్తనం ఒక ఇంటికి ఎలా పోయింది అనేదే ఇక్కడ అసలు ప్రశ్న. మెడిచీల దగ్గర డబ్బు ఉంది కాబట్టి కొనేశారు అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు కానీ అది సగం నిజం మాత్రమే, ఎందుకంటే ఫ్లోరెన్స్‌లో మెడిచీల కంటే డబ్బున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఓడిపోయారు. మిగతా సగం కావాలంటే ఆ రిపబ్లిక్ ఎలా పనిచేసేదో, అది ఎవరి కోసం పనిచేసేదో లోపలికి వెళ్ళి చూడాలి.

ముందు బయటి సీన్ కొంచెం. అప్పటికి ఇటలీ అని ఒక దేశం లేదు. దక్షిణాన నేపుల్స్ రాజ్యం, మధ్యలో పోప్ రాజ్యాలు, ఉత్తరాన మిలాన్ డ్యూక్, వెనిస్ రిపబ్లిక్, వీటి నడుమ ఫ్లోరెన్స్. ఈ ఐదూ పెద్దవి, చుట్టూ సియెనా, లుక్కా, మాంతువా, ఫెరారా లాంటి చిన్నవి బోలెడు. అంతకు ముందు రెండు మూడు వందల ఏళ్ళలో ఉత్తర ఇటలీలో దాదాపు ప్రతి ఊరూ ఎవరికి వాళ్ళు కమ్యూన్ పెట్టుకుని స్వయంపాలన చేసుకున్నవే, కానీ 14వ శతాబ్దం ముగిసేసరికి వాటిలో ఎక్కువ భాగం ఎవరో ఒక ప్రభువు గుప్పిట్లోకి వెళ్ళిపోయాయి. మిలాన్‌లో విస్కోంతీలు, ఫెరారాలో ఎస్తేలు, మాంతువాలో గొంజాగాలు. ఫ్లోరెన్స్ మాత్రం మేం ఎవరి కిందా లేం అని గట్టిగా చెప్పుకునేది, ఆ గర్వం ఉత్తిది కూడా కాదు, దానికోసం మిలాన్‌తో ఏళ్ళ తరబడి యుద్ధాలు చేసింది.

ఇప్పుడు లోపలికి. ఫ్లోరెన్స్‌లో అసలైన ప్రభుత్వం సిన్యోరియా. ఎనిమిది మంది ప్రయర్లు, వాళ్ళ పైన గోన్‌ఫలోనియేర్ అని ఒక పెద్ద, మొత్తం తొమ్మిది మంది. వీళ్ళ పదవీకాలం రెండే రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఇంటికి వెళ్ళకుండా ప్రభుత్వ భవనంలోనే తినాలి, అక్కడే పడుకోవాలి, అంటే బయటివాళ్ళ ఒత్తిడి పడకూడదని. వీళ్ళకి సలహా ఇవ్వడానికి ఇంకో రెండు బృందాలు, ఒకటి పన్నెండు మందిది, ఒకటి పదహారు మందిది. వీళ్ళని ఎన్నుకునే పద్ధతి లాటరీ. కొన్నేళ్ళకోసారి అర్హులందరి పేర్లూ ఓటింగ్‌కి పెట్టి వడపోస్తారు, అందులో నెగ్గినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి తోలు సంచుల్లో వేస్తారు, రెండు నెలలకోసారి అందరి ముందూ చీటీలు తీస్తారు. చీటీ వచ్చినా పదవి ఖాయం కాదు. ట్యాక్స్ బాకీ ఉంటే చెల్లదు, దగ్గరి బంధువు ఆ మధ్యే పదవిలో ఉండి దిగితే చెల్లదు, వయసు చాలకపోయినా చెల్లదు. కానీ పేరు పైకి వచ్చింది, అందరూ విన్నారు అన్నదే ఒక పెద్ద గౌరవం, ఆ ఇంటికి అదొక రికార్డు. అందుకే పలుకుబడి ఉన్న తండ్రులు ఇంకా చిన్నపిల్లలుగా ఉన్న కొడుకుల పేర్లు కూడా సంచిలో వేయించేవాళ్ళు, పదవి రాకపోయినా పేరు చదివితే చాలని.

ఈ పద్ధతి చూస్తే చాలా తెలివైనదే అనిపిస్తుంది, నిజంగా తెలివైనదే. ఎవరూ పదవిలో పాతుకుపోకూడదు, ఏ ఒక్క కుటుంబమూ రెండు సార్లు వరసగా రాకూడదు, క్యాంపెయిన్ లేదు, ఓట్లు కొనడానికి లేదు. 1293లోనే పాత కత్తివీర కులీన కుటుంబాలకి సిన్యోరియాలో చోటు లేకుండా చట్టం చేసిన ఊరు అది. పదవి కావాలంటే ఒక వృత్తి వాళ్ళ సంఘం, అంటే గిల్డ్‌లో సభ్యుడై ఉండాలి. గిల్డ్‌లు 21. అందులో ఏడు పెద్దవి, అంటే ఉన్ని వ్యాపారులు, బట్టల ఇంపోర్టర్లు, పట్టు, బ్యాంకర్లు, జడ్జిలూ నోటరీలూ, వైద్యులూ మందుల వాళ్ళూ, తోలు బొచ్చు వ్యాపారులు. మిగతా 14 చిన్నవి, కసాయిలు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్ళు, రొట్టెల వాళ్ళు వగైరా. సీట్లలో ఎక్కువ వాటా పెద్ద గిల్డ్‌లదే.

అసలు చిక్కు ఇక్కడే. ఊళ్ళో అందరికన్నా ఎక్కువమందికి పని ఇచ్చేది ఉన్ని పరిశ్రమ, ఆ పరిశ్రమలో పనిచేసే కార్మికులకి గిల్డ్ లేదు. ఉన్ని దువ్వేవాళ్ళు, ఏకేవాళ్ళు, ఉతికేవాళ్ళు, వీళ్ళందరూ ఉన్ని వ్యాపారుల గిల్డ్ కింద ఉండాలి కానీ అందులో సభ్యులు కారు. ఆ గిల్డ్ ఒక అధికారిని పెట్టుకునేది, వాడు కార్మికుల్ని విచారించొచ్చు, కొట్టించొచ్చు, జైల్లో పెట్టొచ్చు. యజమాని సరుకు అమ్మేది బంగారు ఫ్లోరిన్లకి, కూలి ఇచ్చేది మాత్రం విలువ కరిగిపోతూ ఉండే చిల్లర వెండి నాణేల్లో. సంఘం పెట్టుకుందాం అంటే నేరం. 1345లో చూతో బ్రాందీనీ అనే ఉన్ని దువ్వే కార్మికుడు తోటివాళ్ళని కూడగట్టి చందాలు వసూలు చేసి సంఘం పెట్టబోయాడని పట్టుకుని ఉరి తీశారు. అతన్ని వదిలిపెట్టమని కార్మికులు పని మానేశారు, అయినా వదల్లేదు. రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులు, ఒక సంఘం అడిగినందుకు ప్రాణం తీశారు, అదీ స్వేచ్ఛ స్వేచ్ఛ అని ప్రపంచమంతా చాటుకున్న ఊళ్ళో. ఈ సంగతి పక్కన పెట్టి ఫ్లోరెన్స్ గొప్పదనం గురించి మాట్లాడితే అది న్యాయం కాదు.

తర్వాత 1348లో ప్లేగు వచ్చి ఊళ్ళో సగానికి పైగా జనాన్ని తీసుకుపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, 1378 జులైలో, ఆ కార్మికులే తిరగబడ్డారు. చరిత్రలో దీన్ని చోంపీల తిరుగుబాటు అంటారు. జులై 22న జనం ప్రభుత్వ భవనంలోకి దూసుకెళ్ళారు, మికేలే ది లాండో అనే ఉన్ని కార్మికుణ్ణి గోన్‌ఫలోనియేర్‌ని చేశారు. వాళ్ళు అడిగినవి ఏంటో చూస్తే, ఆ గిల్డ్ అధికారిని తీసేయాలి, మాకూ గిల్డ్ కావాలి, పదవుల్లో మాకూ వాటా కావాలి, కొన్నాళ్ళు అప్పుల కింద జైల్లో పెట్టొద్దు, ధనవంతులు ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు మీద వడ్డీ ఆపి అసలు మాత్రం తీర్చండి. రాజ్యాన్ని తగలబెడతాం అన్నవాళ్ళు కాదు, రిపబ్లిక్‌లో మమ్మల్నీ కలుపుకోండి అన్నారు, అంతే. కొత్తగా మూడు గిల్డ్‌లు వచ్చాయి, రంగులద్దే వాళ్ళకి ఒకటి, దర్జీలూ ఆ తరహా చేతిపనుల వాళ్ళకి ఒకటి, అట్టడుగు కార్మికులకి ఒకటి. యజమానులు షాపులు మూసేశారు, పని లేదు, తిండి లేదు, కార్మికులు మళ్ళీ రోడ్డెక్కారు. ఆగస్టు చివరి రోజు మిగతా గిల్డ్‌ల వాళ్ళు, అందులో కసాయిలు కూడా, ఇదే మికేలే ది లాండో ముందు నడుస్తుంటే వాళ్ళని నడి కూడలిలో చితక్కొట్టి తరిమారు. అట్టడుగు వాళ్ళ గిల్డ్ ఆరు వారాలు కూడా నిలవలేదు. మిగతా రెండు కొత్త గిల్డ్‌లు 1382లో పోయాయి.

ఇక్కణ్ణుంచి ఫ్లోరెన్స్ పెద్దల బుర్రలో ఒక భయం కూర్చుంది. సంచులు ఇష్టం వచ్చినట్టు తెరిచి ఉంచితే ఇంకోసారి ఇదే జరుగుతుంది అన్న భయం. 1382 తర్వాత అల్బిజ్జీ కుటుంబం చుట్టూ చేరిన కొన్ని పెద్ద ఇళ్ళు ఏం చేశాయంటే, రూల్స్ ఏవీ ముట్టుకోకుండా సంచిలోకి ఏ పేర్లు పోవాలో కంట్రోల్ చేయడం మొదలుపెట్టాయి, నమ్మకస్తులకి వేరే చిన్న సంచి పెట్టి సిన్యోరియాలో కొన్ని సీట్లు అందులోంచే తీయించారు. అంటే మెడిచీలు తర్వాత వాడిన ఆయుధాన్ని తయారుచేసింది వాళ్ళ శత్రువులే. ఈ పాయింట్ చాలా ముఖ్యం, మెడిచీలు రిపబ్లిక్‌ని పాడు చేశారు అనే ముందు అది అప్పటికే ఎంత ఇరుకైపోయిందో గుర్తుపెట్టుకోవాలి.

1427లో మిలాన్‌తో యుద్ధం ఖర్చులు తట్టుకోలేక కతాస్తో అని కొత్త ట్యాక్స్ సర్వే పెట్టారు. ప్రతి ఇంటి పెద్దా తన ఆస్తులు, వ్యాపారంలో పెట్టుబడి, ప్రభుత్వ బాండ్లు, అప్పులు, ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు, వయసులు అన్నీ రాసి ఇవ్వాలి. ఉంటున్న సొంతిల్లు లెక్కలోకి రాదు, తినే ఒక్కో నోటికి 200 ఫ్లోరిన్లు తగ్గిస్తారు, మిగిలినదాని మీద పన్ను. నగరమూ, దాని కింద ఉన్న ప్రాంతమూ కలిపి సుమారు 60 వేల ఇళ్ళ లెక్క ఇవాళ్టికీ ఉంది, ఆ కాలానికి ఇంత వివరంగా ఒక సమాజం ఫోటో ఇంకెక్కడా దొరకడం కష్టం. నగరంలో అప్పటికి జనాభా 37 వేలు మాత్రమే, ప్లేగు దెబ్బ నుంచి కోలుకోలేదు. ఇళ్ళు పది వేలు. అందులో పైనున్న వంద ఇళ్ళ చేతిలో ఊరి సంపదలో పావు వంతు. అందరికన్నా ధనవంతుడు పాల్లా స్ట్రోజ్జీ, లక్ష ఫ్లోరిన్లకి పైనే. మెడిచీ కాదు, స్ట్రోజ్జీ.

మరి స్ట్రోజ్జీ కాకుండా మెడిచీ ఎలా గెలిచాడు. మెడిచీ బ్యాంక్ 1397లో మొదలైంది, పోప్ ఆస్థానం డబ్బు లావాదేవీలు వాళ్ళ చేతికి రావడంతో పెరిగింది. కానీ రాజకీయంగా పనికొచ్చింది బ్యాంక్ లాభం ఒక్కటే కాదు, ఆ డబ్బు ఎవరికి చేరింది అన్నది. పేటలో చిన్న వ్యాపారికి అప్పు, ట్యాక్స్ బాకీ పడి పదవికి అర్హత పోయిన వాడికి ఆ బాకీ కట్టడానికి సాయం, ఒకడి కూతురికి సంబంధం చూడటం, ఇంకొకడి తమ్ముడికి చర్చిలో ఉద్యోగం. పెద్ద ఇళ్ళవాళ్ళు తమలో తాము వియ్యమందుకుంటూ ఉంటే, మెడిచీలు కొత్తగా పైకొస్తున్న ఇళ్ళని కూడా దగ్గరికి తీశారు. 1433 సెప్టెంబర్‌లో లుక్కా యుద్ధం బెడిసికొట్టి ఊరంతా చిరాగ్గా ఉన్నప్పుడు రినాల్దో దెలి అల్బిజ్జీ వర్గం కోసిమోని పిలిపించి ప్రభుత్వ భవనం టవర్‌లో చిన్న గదిలో పెట్టింది. చంపేద్దాం అన్నవాళ్ళున్నారు. కోసిమో అప్పటి గోన్‌ఫలోనియేర్‌కి లంచం పంపాడు, మరణశిక్ష తప్పి దేశబహిష్కారంతో బయటపడ్డాడు, తర్వాత తన డైరీలో వీళ్ళకి ధైర్యం చాలదు, పది వేలు అడిగినా ఇచ్చేవాణ్ణి అని రాసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి లాటరీలో మెడిచీ వైపు వాళ్ళ సిన్యోరియా వచ్చింది, ఆయన్ని వెనక్కి పిలిచింది. అల్బిజ్జీ వర్గాన్ని చిత్తు చేసింది కూడా ఆ తోలు సంచే, ఆ విషయం కోసిమో ఎప్పుడూ మర్చిపోలేదు.

తిరిగొచ్చాక ఆయన సింహాసనం వేసుకోలేదు. ముందు శత్రువుల్ని ఊళ్ళోంచి పంపేశాడు, అల్బిజ్జీ ఊరొదిలి వెళ్ళాల్సి వచ్చింది, మెతకగా ఉన్న పాల్లా స్ట్రోజ్జీని కూడా పదువా పంపారు, ఆ గడువు పొడిగిస్తూ పోతే ఆ ముసలాయన 1462లో అక్కడే చనిపోయాడు. తర్వాత సంచుల పని చూశాడు. చీటీలు సర్దే అధికారులు ఉండేవాళ్ళు, అకొప్పియాతోరి అంటారు. మామూలుగా వాళ్ళది గుమస్తా పని, నెగ్గిన పేర్లని ఏ సంచిలో వేయాలో చూడటం. 1434 తర్వాత ప్రత్యేక అధికారాల పేరుతో వాళ్ళకి ఒక వెసులుబాటు ఇచ్చారు, సంచిలో అందరి పేర్లూ కాకుండా వాళ్ళు ఏరిన కొద్ది పేర్లే ఉంచి తీయొచ్చు అని. లాటరీ లాటరీగానే ఉంది, జనం ముందే చీటీ తీస్తున్నారు, కాకపోతే ఏ చీటీ వచ్చినా మనవాడే. అకొప్పియాతోరి నమ్మకస్తులైతే చాలు, మిగతాది దానంతట అదే నడుస్తుంది. కోసిమో తన 30 ఏళ్ళ పెత్తనంలో గోన్‌ఫలోనియేర్‌గా కూర్చుంది మూడే సార్లు, అంటే మొత్తం ఆరు నెలలు.

ఇదంతా గొడవ లేకుండా సాగిందని కాదు. ఊళ్ళో పెద్దలు పదే పదే ఆ ప్రత్యేక అధికారాలు రద్దు చేయమని పట్టుబట్టారు, 1465లో చేయించారు కూడా. ప్రతిసారీ మెడిచీలు ఏదో ఒక సంక్షోభం చూపించి, కూడలి చుట్టూ సైనికుల్ని నిలబెట్టి, జనాన్ని గంట కొట్టి పిలిపించి ఔనా కాదా అని అరిపించి మళ్ళీ తెచ్చుకున్నారు. 1458లో వంద మంది కౌన్సిల్, 1480లో డెబ్బై మంది కౌన్సిల్ వచ్చాయి. పాత కౌన్సిళ్ళని తీసేయలేదు, వాటిపైన కొత్తది పెట్టి అసలు పని అందులోకి లాగారు. ఎదురు తిరిగిన వాళ్ళకి కత్తి అక్కర్లేదు, ట్యాక్స్ చాలు. జనొజ్జో మనెత్తీ అంతటి పండితుడు, ఊరి తరఫున రాయబారిగా తిరిగినవాడు, పన్నులు భరించలేక 1453లో ఊరొదిలి రోమ్ వెళ్ళిపోయాడు.

ఈ రాజకీయం ఇళ్ళలోకి ఎలా దిగిందో చెప్పాలంటే స్ట్రోజ్జీ వంశపు కోడలు అలెస్సాంద్రా ఉత్తరాలకి మించిన సాక్ష్యం లేదు. 1434లో ఆమె భర్తని కూడా ఊళ్ళోంచి పంపేశారు, ఆయన ఏడాదికే పోయాడు, ఆమె పిల్లల్ని తీసుకుని ఫ్లోరెన్స్ వచ్చి మిగిలిన ఆస్తి కాపాడుకుంటూ పెంచింది. 1447 ఆగస్టులో నేపుల్స్‌లో ఉన్న కొడుకు ఫిలిప్పోకి రాసిన ఉత్తరంలో, 16 ఏళ్ళ కూతురు కతెరీనాకి మార్కో పరెంటీ అనే పట్టు వ్యాపారి కొడుకుతో సంబంధం కుదిరిందని చెప్తుంది. కట్నం వెయ్యి ఫ్లోరిన్లు. అందులో సగం ప్రభుత్వ కట్నాల నిధి నుంచి రావాలి, అది 1425లో పెట్టిన స్కీమ్, ఆడపిల్ల చిన్నప్పుడే డబ్బు వేస్తే పెళ్ళి నాటికి పెరిగి వస్తుంది, ఊరికి యుద్ధాలకి డబ్బు, తండ్రులకి కట్నం. ఇంకో నాలుగైదు వందలు పెట్టగలిగితే ఇంతకంటే పెద్దింటి సంబంధం వచ్చేది, కానీ పిల్లకి అది సుఖం కాకపోవచ్చు, పైగా మన పరిస్థితి ఇది అని తల్లి లెక్క. అల్లుడు మాత్రం పిల్ల అడిగిందల్లా కుట్టిస్తున్నాడని, ఎర్రటి పట్టు ముఖమల్ గౌను, ఈకలూ ముత్యాలతో 80 ఫ్లోరిన్ల తలపాగా, బయటికి వెళ్తే ఒంటిమీద 400 ఫ్లోరిన్లకి పైనే ఉంటాయని మురిసిపోతూ రాస్తుంది. పెద్దింటి ఆడపిల్ల కొత్తగా పైకొచ్చిన వ్యాపారి ఇంటికి వెళ్ళడం, ఒక కుటుంబం సంచుల్లోంచి పడిపోతే పెళ్ళిళ్ళ మార్కెట్‌లో దాని రేటు ఎలా పడిపోతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనపడదు. ఆమె కొడుకులు తిరిగి రాగలిగింది 1466లో, అదీ నేపుల్స్ రాజు సిఫార్సు మీద. మెడిచీలతో ఉన్నవాళ్ళకి మంచే జరిగింది అని ఆమె ఒక ఉత్తరంలో రాసిన మాట అభిమానంతో రాసింది కాదు, బతికి తెలుసుకున్నది.

ఈ కాలంలోనే మన వైపు నుంచి ఒక సమాచారం ఫ్లోరెన్స్‌కి చేరింది, అది చెప్పకుండా పోలేం. వెనిస్ ప్రాంతపు వ్యాపారి నికొలో దె కోంతి 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు, తిరిగెళ్ళాక, పోప్ ఆస్థానం ఫ్లోరెన్స్‌లో ఉన్న రోజుల్లో, పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీనీకి ఆ విశేషాలన్నీ చెప్పాడు. ఈ పోజ్జోనే తర్వాత 1453లో కోసిమో హయాంలో ఫ్లోరెన్స్ చాన్సలర్ అయ్యాడు.

విదేశాంగం విషయంలో కోసిమో చేసింది నిజంగా పెద్ద పని. కిరాయి సైన్యాధిపతి ఫ్రాంచెస్కో స్ఫోర్జాకి డబ్బిచ్చి నిలబెట్టాడు, స్ఫోర్జా 1450లో మిలాన్ డ్యూక్ అయ్యాడు, పాత శత్రువు మిలాన్ మిత్రుడైపోయింది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ టర్కుల చేతిలో పడటంతో అందరికీ భయం పట్టుకుని 1454 ఏప్రిల్‌లో లోదీ దగ్గర శాంతి ఒప్పందం చేసుకున్నారు, ఆ వెంటే పెద్ద రాజ్యాలన్నీ ఒక కూటమిలోకి వచ్చాయి. దాదాపు నలభై ఏళ్ళు పెద్ద యుద్ధాలు తగ్గాయి. కానీ ఇంట్లో ఇంకో మార్పు కూడా తెచ్చింది ఇది, మెడిచీలకి అవసరమైతే మిలాన్ నుంచి సైన్యం వస్తుంది అని ఊరందరికీ తెలుసు.

1469 డిసెంబర్‌లో పియెరో చనిపోతే ఊరి పెద్దలు వచ్చి 20 ఏళ్ళ లోరెన్జోని నువ్వే చూసుకో అన్నారు. ఆయన తర్వాత రాసుకున్నది చదవాలి, నాకు పెద్దగా ఇష్టం లేదు, కానీ ఫ్లోరెన్స్‌లో అధికారం లేకుండా ధనవంతుడు బతకడం కష్టం, అందుకే ఒప్పుకున్నాను అని. అదే చోట లెక్క కూడా వేశాడు, 1434 నుంచి 1471 దాకా తమ ఇల్లు కట్టడాలకి, దానాలకి, పన్నులకి పెట్టింది 663,755 ఫ్లోరిన్లు అని. పన్ను ఆయుధమైన ఊళ్ళో ఆ ఆయుధం ఎవడో ఒకడి చేతిలో ఉంటుంది, మన చేతిలో లేకపోతే మన మీదికే వస్తుంది. వంద ఏళ్ళుగా పెద్ద ఇళ్ళన్నీ ఇదే లెక్కతో ఆడాయి, ఆటలో ఒక్కరే మిగిలారు.

1478 ఏప్రిల్ 26న పజ్జీలు అనే ఇంకో పెద్ద బ్యాంకర్ కుటుంబం వాళ్ళు, పోప్ నాలుగో సిక్స్తుస్ మనుషుల అండతో, కతీడ్రల్‌లో ప్రార్థన జరుగుతుండగా దాడి చేశారు. లోరెన్జో తమ్ముడు జులియానోని పొడిచి చంపారు, లోరెన్జో గాయంతో లోపలి గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. ముసలి జాకోపో పజ్జీ గుర్రం మీద కూడలికి వచ్చి ప్రజలు, స్వేచ్ఛ అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఎదురుగా మెడిచీల జెండా గుర్తు పేరే కేకలుగా వినిపించింది. ఆ సాయంత్రానికి కుట్రలో ఉన్న ఆర్చ్‌బిషప్ సాల్వియాతీని ప్రభుత్వ భవనం కిటికీకి ఉరి వేశారు. జనం ఎందుకు కదల్లేదు అంటే మెడిచీల మీద ప్రేమ అని కొందరు అంటారు. కొంత ఉండొచ్చు. కానీ ఉన్ని దువ్వేవాడికి పజ్జీల స్వేచ్ఛలో ఏముంది? వాడికి 1378లోనే తలుపు మూశారు, ఆ తలుపు మూసినవాళ్ళ మనవలు వచ్చి ఇప్పుడు స్వేచ్ఛ అంటే వాడు ప్రాణం ఎందుకు పెడతాడు. కొద్దిమంది సొత్తుగా మిగిలిన రిపబ్లిక్‌ని ఒక్కడు లోపలి నుంచి తీసుకుంటే ఆపడానికి మిగతా ఊరు రాదు, ఫ్లోరెన్స్‌లో జరిగింది ఇదే.

లోరెన్జో 1492లో చనిపోయాడు. అప్పటికే బ్యాంక్ లోపల డొల్ల, లండన్, బ్రూజ్ బ్రాంచీలు రాజులకి అప్పులిచ్చి మునిగాయి. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో ఛార్లెస్ నేపుల్స్ కోసం ఇటలీలోకి దిగితే, కొడుకు పియెరో ఎవర్నీ అడక్కుండా కోటలూ, పీసా, లివోర్నో రేవులూ అప్పగించేశాడు. ఇది మాత్రం ఊరికి మింగుడు పడలేదు, నవంబర్ 9న తరిమేశారు. డిసెంబర్‌లో, సవొనరోలా అనే సన్యాసి ప్రసంగాల ఊపులో, మూడు వేల మందికి పైగా కూర్చునే మహా కౌన్సిల్ పెట్టారు. ఇది నిజంగా పెద్ద అడుగే, అప్పటి యూరప్‌లో ఇంతమందికి పాలనలో చోటిచ్చిన ఊర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితే అందులో కూర్చోవాలంటే 29 ఏళ్ళు నిండాలి, తండ్రో తాతో ముత్తాతో పేరు ఒకప్పుడు ఆ పెద్ద పదవుల సంచుల్లోంచి వచ్చి ఉండాలి. అంటే మెడిచీలు నింపిన సంచులే కొత్త రిపబ్లిక్‌కి అర్హత లిస్ట్ అయ్యాయి, ఉన్ని కార్మికుడు మళ్ళీ బయటే.

1512లో స్పెయిన్ సైన్యం వెంట మెడిచీలు తిరిగొచ్చారు, 1527లో మళ్ళీ పోయారు, 1530లో పోప్, పవిత్ర రోమన్ చక్రవర్తి కలిసి ముట్టడించి మళ్ళీ తెచ్చారు. 1532లో సిన్యోరియాని రద్దు చేసి మెడిచీ ఇంటి అలెస్సాంద్రోని డ్యూక్ చేశారు. 1537 జనవరిలో సొంత బంధువే అతన్ని పొడిచి చంపాడు. రిపబ్లిక్ కావాలనుకునేవాళ్ళకి అంతకంటే మంచి అవకాశం ఇంకోటి రాదు, అయినా పెద్ద ఇళ్ళవాళ్ళు మూడు రోజుల్లోనే సమావేశమై మెడిచీల్లోనే ఇంకో శాఖ నుంచి 17 ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. అతని పేరు కూడా కోసిమోనే, అతని వంశం 1737 దాకా ఏలింది.